పుంగనూరు చాచా కుడిచెయ్యి

పోయిన ఆదివారం నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి వరండాలోకి వస్తాను, కుర్చీలో కూర్చోగానే గేటు దాకా వెళ్లి రావాలనిపిస్తుంది, గేటు దగ్గర నిలబడి టమోటా లారీలు వరసగా పోతుంటే చూస్తూ లోపల పాలు పొంగి గట్టంతా పారే సంగతి మరిచిపోతాను. అరవై దాటిన మనిషికి ఇంత కుదురులేనితనం ఏమిటని మా ఇంట్లోవాళ్లు బీపీ మిషను తెచ్చి చేతికి చుట్టారు. బీపీ బాగానే ఉంది. బాగాలేనిది ఒక పాట.

ఆదివారం పుంగనూరులో మా చెల్లెలి కూతురి రిసెప్షన్. మా పెద్దమ్మ ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో పాడేదంటూ పెళ్లికూతురే మైకులో చెప్పేసరికి అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను కానీ, ఆ ఊపడంలోనే కొంగు కూడా సర్దుకున్నాను. ఎవరూ అడక్కుండా ఉండి ఉంటే నేను ఎంత ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చేదాన్నో నాకు తెలుసు. స్టేజి మీద వాయిద్యాలు లేవు, ఒక లాప్‌టాప్, రెండు నిలువెత్తు స్పీకర్లు, వాటి మధ్య టోపీ తిప్పి పెట్టుకున్న ఒకాయన. ఏ పాట అని అడిగాడు, ఒకప్పుడు నాకు పేరు తెచ్చిన పాటే చెప్పాను, మీట నొక్కాడు, వయొలిన్లూ డ్రమ్ములూ అన్నీ ఒక్కసారిగా నా వీపు మీద పడ్డాయి. పల్లవి దాటాను, మొదటి చరణం దాటాను, రెండో చరణంలో ఆ పొడుగు లైను దగ్గరకు వచ్చేసరికి ఊపిరి అందలేదు. నేను గాలి పీల్చుకునేలోగా ఆ సంగీతం స్టాపులో ఆపని బస్సులాగా నన్ను దాటిపోయింది. ఆ తర్వాత జరిగిన దాని గురించే ఈ కుదురులేనితనమంతా, కానీ అది చెప్పాలంటే ముందు రిథమ్ గిటారు గురించి చెప్పాలి, దాన్ని వాయించిన ఇద్దరి గురించి చెప్పాలి.

మా మేనమామ మదనపల్లెలో ఆర్కెస్ట్రా నడిపేవాడు. నాకు ఇరవై ఏళ్లప్పుడు, మామ పక్కన ఉంటాడు కదా అన్న ధైర్యంతో మా అమ్మ నన్ను పాడనిచ్చింది. ఒకే జీపులో మనుషులం, పెట్టెలు, డ్రమ్ములు, పైన స్పీకర్లు కట్టుకుని బి.కొత్తకోట, నిమ్మనపల్లె, పెద్దతిప్పసముద్రం, ఎక్కడ పెళ్లంటే అక్కడికి పోయేవాళ్లం, వేరుశనగ కోతలైపోయి చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో మాకు ఊపిరి తిరిగేది కాదు. చూసేవాళ్ల కళ్లన్నీ లీడ్ గిటారు వాయించే ఆయన జుట్టు మీదా, డ్రమ్ముల మీదా ఉండేవి. స్టేజి పక్క మూల మడతకుర్చీలో ఒదిగి కూర్చునే రిథమ్ గిటారు మనిషిని ఎవరూ చూసేవాళ్లు కారు. నిమ్మనపల్లెలో ఒక పెళ్లిపెద్ద మామను పక్కకు పిలిచి, "ఆయప్ప యాల ఉండాడప్పా ఆడ, ఒంటిగా ఒక్కతూరైనా వాయించకపాయ" అని నిలదీశాడు కూడా.

ఆయనే మా పుంగనూరు చాచా. పగలంతా టైలరు, సాయంత్రం గిటారు. నాకు వరస కాకపోయినా ఆ చుట్టుపక్కల అందరికీ చాచానే కాబట్టి నాకూ చాచానే. చొక్కా కాలరు బిగువుగా నిలబడడానికి లోపల పెట్టే ప్లాస్టిక్ ముక్క ఉంటుంది చూడండి, దానితోనే ఆయన తీగలు మీటేవాడు. కోటు లైనింగు గుడ్డ పేలిక ఒకటి తీగల కింద, చివరన, అడ్డంగా దూర్చేవాడు, దానితో ఆ గిటారు గలగలమనడం మానేసి పొడిగా, దగ్గరగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పలికేది. ఆరు తీగలున్నా మూడింటితోనే సరిపెట్టేవాడు, మిగిలిన మూడూ అక్కర పడినప్పటికి దాచిపెట్టుకున్నట్టు. నా ముఖం వైపు ఎప్పుడూ చూసేవాడు కాదు, మెడ వైపు చూసేవాడు. ఆ వయసులో నాకది బొత్తిగా నచ్చేది కాదు, మెళ్లో గొలుసు ఏమైనా వంకరగా ఉందేమోనని తడుముకునేదాన్ని.

రెండో ఆయన కుప్పం అన్న. రైల్వే స్టేషను పక్కన ఉండేవాడు, ఇంట్లో అరవం, బజార్లో తెలుగు, కోపం వస్తే కన్నడం. డాన్సు పాటలు ఎక్కువున్న ప్రోగ్రాములకు మామ ఆయన్ని రెండో గిటారుగా పిలిపించేవాడు. చాచా చెయ్యి ఎంత నెమ్మదో ఈయనది అంత దూకుడు, కానీ ఆ దూకుడులో ఎప్పుడూ తప్పిపోని లెక్క ఒకటి ఉండేది. పాట మొదలైనప్పటి నుంచి చివరిదాకా ఆయన కుడిచెయ్యి కిందికీ పైకీ ఆడుతూనే ఉండేది, తీగలకు తగిలే దెబ్బలు కొన్నే, తక్కినవన్నీ గాలికే. ఎందుకు చెయ్యి ఊరికే అలా అలుపు చేసుకుంటావని ఒకసారి అడిగితే, "చెయ్యి నిలిస్తే టైము నిలుస్తుంది మా" అన్నాడు. ఎడమచేతి వేళ్లు మీటిన వెంటనే తీగల మీద నుంచి కొంచెం లేచేవి, శబ్దం అక్కడే కత్తిరించినట్టు తెగిపోయేది. "నొక్కేది అందురూ నొక్కతారు, ఎప్పుడు ఎత్తేదో దాంట్లోనే ఉండాది మా ఇదంతా" అనేవాడు. ఆయన వాయిస్తుంటే కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల మోకాళ్లు కూడా వాళ్లకు తెలియకుండానే ఆడేవి. నా కాలు ఇప్పుడు ఇలా ఆడుతూ ఉండడానికి ఆయనే మొదటి కారణమేమో.

మా టీములో ఒక పద్ధతి ఉండేది. ప్రోగ్రాము మొదలుపెట్టే ముందు మామ వాయిద్యాలకు కర్పూరం చూపించేవాడు, ఆ హారతి కళ్లకద్దుకుని చాచా ఒకే ఒక్క దెబ్బ మీటేవాడు, ఆ దెబ్బకు తమ తమ శ్రుతి సరిచూసుకోకుండా ఎవరూ ఏదీ ముట్టుకునేవాళ్లు కారు. ఇలా ఉండగా మామ బెంగళూరు పోయి ఒక కీబోర్డు కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే తాళం దానంతటదే మోగేది, డ్రమ్ములూ గిటారూ కలిపి. దాని పెట్టె చూస్తే శవపేటికంత ఉంది, జీపులో దానికి చోటు కావాలి, ఆ చోటు చాచా కూర్చునేది. మరుసటి ప్రోగ్రాముకు జీపు పుంగనూరులో ఆగకుండా దాటిపోయింది.

ఆ ప్రోగ్రాము కుప్పంలోనే. కర్పూరం వెలిగించాక ఎవరు మొదటి దెబ్బ మీటాలో తెలియక అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం, మామ మీట నొక్కేశాడు. అదే పాట రెండో చరణంలో, అదిగో ఆ పొడుగు లైనులోనే, నా గొంతు తెగిపోయింది. అంతవరకు మూడు మండలాల్లో నాకున్న పేరంతా ఆ లైను మీదే, ఊపిరి తియ్యకుండా ఎలా లాగుతుందమ్మా ఈ పిల్ల అనేవాళ్లు, నేను కూడా నమ్మేశాను. ఆ తర్వాత రెండు ప్రోగ్రాముల్లోనూ అదే తంతు. ఇంట్లో నా గొంతుకు వైద్యం మొదలైంది. అమ్మ మిరియాల కషాయం పట్టి, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, చాలక దర్గాలో తావీజు కట్టించింది. మామ నేను దొంగతనంగా ఐసులు తింటున్నానని తిట్టాడు. డాక్టరు నోట్లో టార్చిలైటు వేసి చూసి ఏమీ లేదన్నాడు, దానితో అమ్మకు దిష్టే అని గట్టి నమ్మకం కుదిరింది. ఇంతమందిలో ఒక్కరికైనా గిటారు గుర్తుకు రాలేదు. ఇంకొక్క ప్రోగ్రాములో ఇలాగే అయితే వేరే గాయనిని చూసుకుంటానని మామ అమ్మతో అనడం నేను గోడవతల నుంచి విన్నాను. పాట పోతే నాకు మిగిలేది ఏదీ కనిపించక అన్నం సయించేది కాదు.

అసలు సంగతి చెప్పినవాడు కుప్పం అన్నే. "నీ గొంతుకు ఏమీ కాలేదు మా. ముందంతా నువ్వు ఊపిరి తీసేకాడ చాచా ఉండె. ఇప్పుడు లేడు" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

నా పేరంతా చాచాదేనన్నట్టు అనేసరికి నాకు ముందు కోపం వచ్చింది. అమ్మను వెంటబెట్టుకుని మర్నాడే పుంగనూరు బస్సెక్కాను. చాచా మిషను తొక్కుతున్నాడు, మమ్మల్ని చూసి టీ తెప్పించాడు, కుప్పం అన్న చెప్పింది నిజమేనా అని అడిగితే దారం కొరికి గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత లోపలి నుంచి గిటారు తెచ్చి, బట్టలు కత్తిరించే బల్ల మీద కూర్చుని, పాడమన్నాడు. పాడాను. ఆ లైను దగ్గర ఆయన మూడింటితో సరిపెట్టకుండా ఆరు తీగలూ కలిపి వెడల్పుగా ఒక్క దెబ్బ వేశాడు, ఆ మోత కింద నా ఊపిరి నాకే వినపడలేదు. ఇంకోసారి పాడమన్నాడు, ఈసారి నేను కావాలనే ఆలస్యంగా అందుకున్నాను, ఆయన అదే స్వరాల మీద ఇంకో అర చుట్టు తిరిగి నా కోసం ఆగాడు. స్టేజి మీద డ్రమ్ములూ బేసూ అన్నీ ఆయన్నే వింటాయి కాబట్టి అందరూ ఆయనతో పాటే ఆగేవాళ్లు, పాటే అలా ఉందనుకునేది జనం. ఆయన నా మెడ వైపు ఎందుకు చూసేవాడో అప్పుడు అర్థమైంది. ఊపిరి తీసే ముందు గొంతు గుంట కదులుతుంది.

నాకెందుకు చెప్పలేదు చాచా అని ఏడుస్తూ అడిగాను. "చెప్పింటే ఆడికొచ్చేతలికి నీకు బయం పట్టుకుంటాది బేటీ. తెలీకనే బాగా పాడతాంటివి గదా" అన్నాడు. ఇంత గొప్ప వాయింపు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. లీడ్ గిటారు వేళ్లు ఎంత వేగంగా పరుగెత్తినా అది తన పాటే పాడుకుంటుంది, ఈయన చెయ్యి మాత్రం పక్కవాళ్ల పాటను మోసి, మోసినట్టు వాళ్లకు కూడా తెలియనివ్వలేదు.

ఇంటికొచ్చి మామతో చెప్పాను, చాచా వస్తేనే పాడతానని. మామ బతిమాలతాడని నా నమ్మకం. మామ జీపులో చోటు లేదన్నాడు, వారం తిరక్కుండా మొలకలచెరువు నుంచి ఒకమ్మాయిని తెచ్చాడు, ఆ అమ్మాయి మిషనుతో సమానంగా గడియారంలాగా పాడేది. చాచాకు ఈ సంగతి తెలిసి నా మీద మండిపడ్డాడట, "నాకోసరం నువ్వు యాల మానుకునేది, ఆ మిషన్ను ఎట్ల దాటల్లో నేను నేర్పిస్తాంటి గదా" అని మా అమ్మతో కబురు పంపాడు. నేను పోలేదు. పెళ్లి, పిల్లలు, వాళ్ల చదువులు, వంటగదిలో కూనిరాగాలు. మానుకున్నది పౌరుషమా, భయమా అని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో, ప్రతిసారీ ఒక్కో జవాబు వచ్చింది.

ఇక ఆదివారానికి వస్తాను. చాచా కొట్టున్న వీధిలోనే మా చెల్లెలి అత్తవారిల్లు, అందుకని పెళ్లిపిలుపు ఆయనకూ వెళ్లింది. ముందు వరసలో కోడలి పక్కన కూర్చుని ఉన్నాడు, ఎనభై దాటిన మనిషి, తెల్లటి గడ్డం. కుడిచెయ్యి మోకాలి మీద ఆగకుండా వణుకుతోంది. స్టేజి ఎక్కేముందు దగ్గరకు వెళ్లి పలకరించాను కానీ, పోల్చుకున్నట్టు అనిపించలేదు. ఆ పొడుగు లైను దగ్గర సంగీతం నన్ను వదిలేసి పోయినప్పుడు, ఎక్కడ చూడాలో తెలియక నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్లు నా మెడ మీద ఉన్నాయి. మోకాలి మీది చెయ్యి ఒకసారి పైకి లేచి, వెడల్పుగా, కిందికి పడింది.

నేను ఊపిరి తీసుకున్నాను. స్పీకర్లను వదిలేసి ఆ చేతితో పాటు పాడాను. ట్రాకు అయిపోయింది, నేను ఇంకా ఒకటిన్నర లైను వెనక ఉన్నాను, వెనక ఏ వాయిద్యమూ లేకుండా పాట ముగించాను. టోపీ ఆయన నవ్వి, "ట్రాక్ మిస్సయినారు ఆంటీ, ఏం ఫర్వాలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తిన్నగా చాచా దగ్గరకు పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను, నా చేతిలో కూడా అది వణుకుతూనే ఉంది. "మా మామకు ఎప్పుడూ ఇట్లనే ఎగిరెగిరి పడతా ఉంటాదమ్మా చెయ్యి, ఏమనుకోవద్దు" అంది కోడలు. చాచా "అన్నం తింటివా బేటీ" అని మాత్రం అడిగాడు. బేటీ అని ఆయన అందరినీ అంటాడు.

అప్పటినుంచీ ఇదే రంధి. ఆ చెయ్యి వణికిందా, వాయించిందా. కుప్పం అన్న ఉంటే ఒక్కమాటలో తేల్చేసేవాడు, ఆయన పోయి చాలాకాలమైంది. మా చెల్లెలి కొడుకు ఇదంతా విని, ఇప్పుడు రికార్డింగులో గాయకులు ఊపిరి తీసుకునే చోట్లన్నీ వెతికి కంప్యూటరులో కత్తిరించేస్తారు పెద్దమ్మా, వినేవాళ్లకు ఒక్కటీ తెలియదు అన్నాడు, అదేదో మంచి వార్తలాగా. నిజమే, ఇప్పటి పాటల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, ఏ ఊళ్లో విన్నా ఒకేచోట మొదలై ఒకేచోట ఆగుతాయి. మనకాలంలో అలా ఉండేది కాదు, గాయని గొంతు గుంట కదిలితే దాన్ని చూసుకుని ఆగే మనిషి ఒకడు పక్క మూల మడతకుర్చీలో ఉండేవాడు. ఆ కుర్చీ ఇప్పుడు ఏ స్టేజి మీదా వెయ్యడం లేదు.

రేపు పొద్దున బస్సుకు పుంగనూరు పోతున్నాను, ఇంట్లో చీరలకు ఫాల్స్ కుట్టించాలని చెప్పాను. చాచా ఎదురుగా కూర్చుని ఆ రెండో చరణం మళ్లీ పాడతాను. ఆ లైను దగ్గర చెయ్యి లేస్తుందో లేదో చూస్తాను. లేవకపోయినా సరే, నా ఊపిరి మాత్రం అక్కడే, ఆయనకు వినపడేటట్టు తీసుకుంటాను.