అక్క నొప్పికి నేను చెప్పిన జవాబు

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా తోటికోడలు వెనక గదిలో కంది బస్తా మీద కాళ్లు చాపి, నేల మీద వెల్లకిలా పడుకునేది. గంటసేపు లేచేది కాదు. అంట్లన్నీ నా నెత్తిన పడేవి. ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఆ పిలుపులో ఉన్న ప్రేమ అప్పట్లో నా మనసులో లేదు.

మా ఊరు నారాయణఖేడ్‌కు ఆటోలో అరగంట దూరం. నేను ఇంటర్ చదివి, ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నాను. అక్క నాలుగో తరగతితో బడి మానేసింది. అందుకే ఏ కాగితం చదవాలన్నా, ఎవరిని దవాఖానకు తీసుకెళ్లాలన్నా ఇంట్లో నన్నే పిలిచేవాళ్లు. ఆ పెద్దరికం నాకు ఇష్టంగానే ఉండేది.

రెండో కాన్పు తర్వాత అక్కకు నొప్పి మొదలైంది. పొద్దున లేచినప్పుడు బాగానే ఉండేది. పొయ్యి ముందు నిలబడి ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టెలు చేసేసరికి పొత్తికడుపు బరువెక్కేది. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు కూర్చునే చేసేది. గ్యాస్ వచ్చాక నేనే పట్టుబట్టి, నిలబడి వండేలా గట్టు కట్టించాను.

"లోపల రాయి కట్టి కిందికి గుంజినట్టు ఉంటది చెల్లె. పండుకుంటే మాయమైతది," అనేది.

పడుకుంటే మాయమయ్యే నొప్పి కూడా ఒక నొప్పేనా అని నేను మా ఆయన దగ్గర నవ్వేదాన్ని. ఆదివారం చర్చిలో పాటకు అందరం లేచి నిలబడితే అక్క ఒక్కతే కూర్చుని ఉండేది. నలుగురూ చూస్తున్నారని నేను మోచేత్తో పొడిచేదాన్ని. లేచేది, చరణం పూర్తికాకముందే మళ్లీ కూర్చునేది.

ఒక ఏడు కంది కోతలప్పుడు చేను గట్టు మీద కూలబడి ఏడ్చింది. "దీన్ని ఎక్కడన్న మంచి దవాఖానల జూపియ్యుండ్రి," అంది మా అత్త. వేరే ఊళ్లో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానకు నేనే తీసుకెళ్లాను.

డాక్టరు అక్కను అడిగింది: "నొప్పి ఎప్పుడెప్పుడు వస్తది?"

"నిలవడితే వస్తది మేడం. ఎడమ దిక్కు ఎక్కువ. పండుకుంటే…"

గది బయట జనం కిక్కిరిసి ఉన్నారు. మా బస్సుకు టైమవుతోంది. అక్క ఒక మాట మొదలుపెడితే ఎక్కడికో పోతుందని నా భయం. "ఎప్పుడూ ఉంటది మేడం. దినాం మూలుగుతనే ఉంటది," అన్నాను. డాక్టరు నేను చెప్పిందే రాసుకుంది.

స్కానింగ్‌లో గర్భసంచి కొంచెం వాచిందన్నారు. తీసేస్తే తిప్పలు పోతాయన్నారు. బయట బెంచీ మీద కూర్చుని అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నాకు ఇగ పిల్లలు వద్దు గని, తీసేసినంక మళ్ల వెట్టరు గద చెల్లె."

"మా అమ్మకు తీసేసి పదేండ్లాయె. చేన్ల కలుపు తీస్తలేదా? నువ్వు ఊకె పరేషానైతవ్."

అక్క మొగుడు, మా బావ, ఫోన్‌లో నన్నే అడిగాడు, "నువ్వేమంటవ్?" అని. "తీపిచ్చేద్దాం బావ," అన్నాను. అప్పటికి అక్కకు ముప్పై రెండేళ్లు.

ఆపరేషనయ్యాక మూడు నెలలు మంచం దిగనివ్వలేదు కాబట్టి నొప్పి రాలేదు. చూశారా, నేను చెప్పలేదా అని ఇంటింటికీ చెప్పుకున్నాను. నాలుగో నెలలో అక్క మళ్లీ రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. ఈసారి నొప్పి అని ఎవరితోనూ అనలేదు. గట్టు అంచు పట్టుకుని, బరువంతా కుడికాలి మీద వేసి నిలబడేది. చూసి కూడా నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో నాకు తెలుసు.

రెండేళ్లు గడిచాయి. ఒక వానాకాలం ఆమె ఎడమకాలు తొడ దాకా ఉబ్బింది. బోదకాలు అన్నారు ఊళ్లోవాళ్లు. నారాయణఖేడ్‌లో సర్కారు దవాఖానకు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. పరదా వేసి, అక్కను కాసేపు నిలబెట్టి, టేపుతో రెండు కాళ్లూ కొలిచింది. తొడ పైభాగంలో ఉబ్బిన నీలి నరాలు చూసింది.

"ఎప్పటిసంది ఉంది? మొదటి నుంచి చెప్పమ్మా," అంది.

అక్క ముందు నా ముఖం చూసింది. నేను తల దించుకున్నాను. అప్పుడు చెప్పింది, నిలబడితే ఎలా ఉంటుందో, పడుకుంటే ఎలా తగ్గుతుందో. ఎడమవైపే ఎందుకు ఎక్కువో తనకు తెలియదంది. డాక్టరమ్మ ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఆమె రాసిచ్చిన చీటీతో హైదరాబాద్ వెళ్లాం.

అక్కడ కాలి నరాలకు స్కానింగ్ చేశారు. తర్వాత మందు ఎక్కించి కడుపు స్కానింగ్ తీశారు. పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. కుడికాలికి మంచి రక్తం తీసుకెళ్లే నాళం, ఎడమకాలి నుంచి రక్తం పైకి తెచ్చే నాళం మీదుగా వెళ్తుంది. కింద వెన్నెముక. ఆ రెండింటి మధ్య ఎడమకాలి నాళం నలిగిపోయింది. "నీళ్ల పైపు మీద మంచం కోడు పెట్టినట్టు," అన్నాడు. పైకి పోలేని రక్తం పొత్తికడుపు నరాల్లో నిలిచి, నిలబడ్డప్పుడల్లా బరువెక్కి గుంజుతుందట. గడ్డ కట్టకముందే వచ్చారు, నయం అన్నాడు.

"మరి గర్భసంచి?" అని అడిగాను.

ఆయన పాత రిపోర్టులు తిరగేశాడు. "ఈ నొప్పి దాని వల్ల అయ్యుండదమ్మా," అన్నాడు.

తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి, నలిగిన చోట బెలూన్‌తో వెడల్పు చేసి, స్టెంటు వేశారు. అక్క మెలకువగానే ఉందట. మర్నాడు నడిచింది. రక్తం పలచబడే మాత్రలు తప్పకుండా వేసుకోమన్నారు. కాలి వాపు నెమ్మదిగా దిగింది. రెండు నెలలకు అక్క రొట్టెలన్నీ చేసి, పొయ్యి తుడిచి, ఇంకా నిలబడే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"అక్కా, ఆ దినం నువ్వు చెప్తుంటే నేను అడ్డమొచ్చిన," అన్నాను.

"యాదుంది," అంది అక్క, చేతులు కడుక్కుంటూ. కొంగుతో తుడుచుకుని మళ్లీ అంది: "నువ్వు కావాలని జేయలేదు. గని నన్ను ఒక్క మాట చెప్పనియ్యకపోతివి."

అంతకుమించి ఎప్పుడూ అనలేదు. కోపం లేదు. ఇద్దరం కలిసే వంట చేసుకుంటాం, చేనుకు వెళ్తాం. కానీ హైదరాబాద్‌కు చూపించుకోవడానికి వెళ్లే రోజున తన పెద్ద బిడ్డను వెంట తీసుకెళ్తుంది. నన్ను రమ్మనదు. నేను వస్తానని అనడానికి నాకూ నోరు రాదు.