లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి మూడు గంటలు

జెర్సీ సిటీలో మా గుడికి వచ్చేవాళ్ళలో ఎవరికి ఇండియా టికెట్ కావాలన్నా వసంతలక్ష్మి గారినే అడిగేవారు. ఆవిడ ఏజెంటు కాదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన పంచాంగం. రాహుకాలంలో విమానం లేవకుండా చూసి బుక్ చేసిపెట్టేవారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని గంటలో నోటికి చెప్పేసేవారు.

"ఇంక విమానం కూడా మీరే నడిపేస్తే సరిపోతుందమ్మా" అనేవారు పూజారి సత్యం గారు.

మొన్న మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే సాన్వి వచ్చింది. ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. హైదరాబాదులో వాళ్ళక్క కాన్పయ్యాక ఐసీయూలో ఉంది. రెండు రోజులకి మించి బతుకుతుందని చెప్పలేమన్నారట.

"ఇవాళే వెళ్ళాలి ఆంటీ. అక్కని ఒక్కసారి చూడాలి."

ఆవిడ ముందు ఆ పిల్లకి ఉప్మా పెట్టి, తర్వాత ల్యాప్‌టాప్ తెరిచారు. సాయంత్రం అయిదింటికి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ మారితే హైదరాబాద్. కానీ ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం.

"ఇలాంటి ప్రయాణానికి రాహుకాలంలో పంపలేనమ్మా. ఆరున్నరకి లిస్బన్ మీదుగా ఉంది. లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ పద్దెనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు, మూడు గంటలు. ఒక కునుకు తీస్తే దిగిపోతావు. ఆపైన అదే హైదరాబాద్ విమానం."

ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో సాన్వికి బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. యూరప్‌లో ఒక్క చోట మారితే ఫరవాలేదు గానీ, యూరప్ లోపలే లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఎగరాలంటే ఇండియా పాస్‌పోర్ట్‌కి అక్కడి వీసా ఉండాలట. వసంతలక్ష్మి గారు అదే దారిలో రెండుసార్లు వెళ్ళారు. ఆవిడది అమెరికా పాస్‌పోర్ట్. ఎవరూ ఆపలేదు, అందుకే ఆ ఆలోచనే రాలేదు.

అప్పటికి అయిదింటి విమానం వెళ్ళిపోయింది. అది ఎక్కి ఉంటే సోమవారం రాత్రికి చేరేది. అక్క మంగళవారం మధ్యాహ్నం పోయింది. మర్నాటి విమానంలో సాన్వి దిగేసరికి దహనం కూడా అయిపోయింది.

వసంతలక్ష్మి గారు రెండు వారాలు గుడికి రాలేదు. వచ్చాక కూడా స్వామి ఎదుటికి వెళ్ళకుండా చెప్పుల స్టాండు పక్కనే కూర్చునేవారు. నేను ప్రసాదం తెచ్చి చేతిలో పెడితే "మూడు గంటలే కదా అనుకున్నాను" అనేవారు, అంతే.

నెల తర్వాత నేను ఆవిడింట్లో ఉండగా సాన్వి ఫోన్ చేసింది. ఆవిడ స్పీకర్ పెట్టారు.

"ఆంటీ, రిటర్న్ టికెట్ మీరే చూస్తారా?"

ఈవిడ ఫోన్ దగ్గరికి జరిగారు. "నా మీద కోపం లేదా తల్లీ?"

"ఉంది ఆంటీ." అంది సాన్వి. "కానీ ఆ రోజు మీరు పెట్టిన ఉప్మానే నేను హైదరాబాదులో దిగేదాకా తిన్న తిండి."

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. ముందు పాస్‌పోర్ట్ ఫోటో పంపమన్నారు. అది తెరిచి అక్షరం అక్షరం చదివారు. పంచాంగం గూట్లోంచి తియ్యలేదు. ఒక్క చోట మాత్రమే మారే టికెట్ బుక్ చేశారు.

"ఎన్ని గంటలు ఆంటీ?" అనడిగింది సాన్వి.

"టికెట్ మీద ఉంటుందమ్మా, చూసుకో" అన్నారు.