ప్లాస్టర్ల చుట్టిన డైనోసార్ పిల్ల

1989. మా సిద్దిపేటల, కరీంనగర్ రోడ్డు మీద మా లారీ పంచరైంది. లారీల డైనోసార్ బొక్కలు, అంటె ఎముకలున్నయి! నిజంగనే డైనోసార్‌వి! మా మగ్గాల ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. డైనోసార్ బొక్కలు తవ్వే సారు దగ్గర ఫీల్డ్ అసిస్టెంటుగ కొత్తగ చేరిన. గోదావరి దిక్కు తవ్విన బొక్కలను హైదరాబాదు తీస్కపోతున్నం. బాపుకు ఎప్పుడు చెప్తనా అని ఒకటే ఆగం.

పాతబొక్కను ఊకె పీకితె పొడైతది. అందుకే చుట్టున్న మట్టితోనే కోసి, ప్లాస్టర్ల ముంచిన గోనెగుడ్డ చుడ్తం. దాన్ని జాకెట్ అంటరు. విరిగిన చెయ్యికి దవాఖానల కట్టు కట్టినట్టే. జాకెట్లల్ల ఒకటి చిన్నది, పిల్ల డైనోసార్ తొడబొక్క. మాకు దొరికిన పిల్లబొక్క గదొక్కటే.

గాలికి టార్పాలిన్ లేచింది. తెల్లగ, పసిపోరనంత మూట. చూసిన ఒకామె కేకేసింది.

"అయ్యో! పోరన్ని సంపి కట్టిన్రు!"

పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని అప్పట్ల ఊరంత పుకారు. చూస్తుండంగనే గుంపైంది. మా డ్రైవర్ యాదన్న కాలరు వట్టిన్రు. ఒకాయన గడ్డపార తెచ్చిండు. ఒక్క దెబ్బ పడితె లోపలి బొక్క పిండే.

"అన్నా, ఆగు! గిది మనిషిది కాదు. కోట్ల ఏండ్ల కిందటి జంతువుది."

"కోట్లా? మా చెవుల పువ్వు వెడుతున్నవా?"

కేకేసినామె అడిగింది: "మరి తల్లేది?"

"పెద్దయి గీ పెద్ద జాకెట్లల్ల ఉన్నయక్కా. చిన్నది, పెద్దయి ఒక్కజాగల్నే దొరికినయి. మంద కట్టి తిరిగేటియని మా సారు అంటడు. ఆకులు మేసేటియి. కోరల్లేవు, కొమ్ముల్లేవు."

"మరి వాటిని తినేటిది వస్తె?"

"ఏనుగులకన్న పెద్ద ఒళ్లు, బారు తోక. పిల్లలను నడిమిట్ల వెట్టుకొని చుట్టు నిలవడేటియేమో. చూసినోళ్లు లేరక్కా, బొక్కలను బట్టి అనుకునుడే."

నేను మాట్లాడినంత సేపు గడ్డపార లేవలే. అందుకే ఊపిరి తీస్కోకుంట చెప్పిన. మాటలు ఒడిసినయి. గడ్డపార లేచింది.

నా సంచిల విడిగ ఏరిన బొక్కముక్క ఒకటున్నది. రాయా, బొక్కా అని అనుమానమొస్తె మేం నాలుకకు పెడ్తం. పాతబొక్కకు సన్నటి రంధ్రాలుంటయి. తడిని గుంజి అంటుకుంటది, రాయి అంటుకోదు. "పాతబొక్కైతె అంటుకుంటది, కొత్తదైతె అంటుకోదు, చూడుండ్రి" అని అందరి ముంగట నాలుకకు పెట్టి చెయ్యి ఇడిసిన. ముక్క ఏలాడింది.

"థూ! పీనుగ బొక్కను ఎవడన్న నాకుతడా?"

"నాకడు గదా! మరి గిది పీనుగది ఎట్లైతది?" అని గుంపులకెల్లి ఒకాయన ముంగటికొచ్చిండు. మా బాపు! లొల్లి ఇని మగ్గం మీదికెల్లి లేచొచ్చిండు. "వీడు నా కొడుకు. ఇటియ్యిరా."

నాలుకకు పెట్టుకున్నడు. కండ్లు పెద్దగైనయి.

"అంటుకున్నదిరో!"

ఎవలో కిసుక్కున నవ్విన్రు. గడ్డపార దిగింది. యాదన్న కాలరు ఇడిసిన్రు. కేకేసినామె "ఏదీ, నాకియ్యి" అని చెయ్యి చాపింది.

గా గుంపు మీద నాకు కోపం రాలే. ఎవలదో పసిపోరడనే గదా పని ఇడిసి ఉరికొచ్చిన్రు. కప్పిపెట్టిన మూటను చూస్తె జనానికి భయమైతది, భయమైనోళ్లకు నచ్చజెప్పుడు కష్టం. గది నేర్చుకున్న. అప్పటిసంది ఏ ఊర్ల మా బండి ఆగినా, ఎవలన్న అడగకముందే నేనే పిలుస్త: "రాండ్రి, చూడుండ్రి, డైనోసార్!"