ఫైరింజనుతో కళ్లాపి

మా ఊరి ఫైర్ స్టేషన్ చరిత్ర రాయమని నన్నడిగారు. అడిగిన కొత్త స్టేషన్ ఆఫీసరు అమ్మాయి మహా మర్యాదస్తురాలు. "మొదటి రోజు నుంచీ ఉన్న డ్రైవరు మీరొక్కరే కదండీ, ఏడుకొండలు గారూ! గోడకు బోర్డు పెట్టిస్తాం, నాలుగు ముక్కలు రాసివ్వండి" అంది. పాపం, ఆ పిల్లకేం తెలుసు! తెరిచిన రోజే స్టేషన్ మూతపడేంత ఘనకార్యం చేసిన మహానుభావుణ్ని నేనే. ఆ సంగతి బోర్డు మీద పట్టదు గనక ఇక్కడ చెబుతున్నాను. మీరు హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి, ఆవిడకు ఇప్పటికే అలుసు.

అంతకుముందు మా ఊళ్లో మంట లేస్తే పక్క టౌను నుంచి ఫైరింజను రావాలి. అది వచ్చేసరికి ఆర్పడానికేమీ మిగిలేది కాదు. బూడిద మీద నాలుగు నీళ్లు చల్లి, టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ఒక ఏడు కోటమ్మత్త మిరప కల్లం అంటుకుంది. కోటమ్మత్త మాకు చుట్టమేం కాదు, మూడో వీధిలో అందరికీ అత్తే. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు తీసుకుని, ఒళ్లు హూనం చేసుకుని పండించిన కాయ. తెల్లారితే గుంటూరు యార్డుకు తోలాల్సిన కాయ. అదంతా ఆవిడ కళ్ల ముందే కాలిపోయింది. ఆ ఘాటుకు ఊరు ఊరంతా మూడు రోజులు దగ్గింది.

దగ్గు తగ్గాక కోటమ్మత్త ఒక అర్జీ చేతపట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. "నాదెటూ పోయింది. ఇంకోళ్లది పోకూడదు" అని ఒకటే మాట. ఆవిడ తిరిగిన తిరుగుడుకు ఆఫీసుల గుమ్మాలే అరిగిపోయాయి. చివరికి ఊరికి ఒక ఫైరింజనూ, ఒక రేకుల షెడ్డూ ఇచ్చారు. కానీ ఒక మెలిక పెట్టారు. ప్రారంభం రోజున పెద్దాఫీసరు వచ్చి ఊరి జనం ముందు పరీక్ష పెడతాడట. నెగ్గితే బండి మాది. లేకపోతే అటు నుంచి అటే వేరే ఊరికి.

పరీక్ష రోజు పొద్దున్నే మా లీడింగ్ ఫైర్‌మన్ మస్తాన్ వలీ గారు నన్ను పిలిచారు.

"ఒరే ఏడుకొండలూ, నీకు ఒక్కటే పని. బండిని పూజకు తయారు చెయ్యి. ట్యాంకు మాత్రం నిండుగా ఉండాల. పదకొండు దాకా కరెంటు రాదు, మోటరు ఆడదు. గుర్తుందా?"

"నాకు చెప్పాలా సార్!" అన్నాను.

ఈ మాట అనేవాడికి రెండుసార్లు చెప్పాలి. ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రాళ్లకు నేను మూడుసార్లు చెబుతాను.

బండిని పెళ్లికొడుకును చేశాను. ముందు అరటి పిలకలు కట్టాను, బంతిపూల దండలు వేశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కనపడిన ప్రతి చోటా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపించే గాజు గొట్టం ఒకటి బండి వెనక ఉంటుంది. దానికీ మందంగా పసుపు పూసి ఏడు బొట్లు పెట్టాను. భక్తి ఎక్కువైతే కళ్లు కనపడవంటే ఇదే.

అంత అందమైన బండిని షెడ్డులో ఉంచడానికి మనసొప్పక, ట్రయల్ అని చెప్పి ఊళ్లోకి తీశాను. మూడో వీధి మొదట్లోనే కోటమ్మత్త ఎదురొచ్చింది.

"ఏరా, ఇదేనా మన బండి?" అంటూ దాని మీద చెయ్యి వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆవిడకి. అది చూసి నేను ఉప్పొంగిపోయాను. ఆ ఊపులో నా నోరు ఊరుకోలేదు.

"అత్తా, ఈ బండిలో మొదటి నీళ్లు నీ వాకిట్లోనే పడాల. కళ్లాపి నేను చల్లుతా!"

వాకిట్లో ముగ్గు గిన్నె పట్టుకుని వాళ్లమ్మాయి సుజాత నిలబడి ఉంది. ఈ విషయానికీ నేనన్న మాటకీ ఏ సంబంధమూ లేదు.

గొట్టం తీసి చల్లాను. ఆహా, ఏం కళ్లాపండీ! దుమ్మంతా అణిగి, వాకిలి అద్దంలా మెరిసింది. వెంటనే పక్కింటి రమణమ్మ పిన్ని కొంగు దోపుకుని వచ్చేసింది.

"మా వాకిలేం పాపం చేసిందిరా?"

"చేయలేదు పిన్నీ, వస్తున్నా."

"ఎదురింటోళ్లకి చల్లి మాకు చల్లకపోతే మొహం ఎట్టా చూపిస్తావు నాయనా?"

"చూపిస్తాను పెద్దమ్మా, జరుగు."

"పనిలో పని, ఈ డ్రమ్ములో కూడా ఓ చుక్క పొయ్యి బాబూ. పంపు వచ్చి మూడ్రోజులైంది."

చుక్క అంటే వాళ్ల లెక్కలో డ్రమ్ము. ఒక డ్రమ్ము నిండితే పది డ్రమ్ములు బయటికొచ్చాయి. వాటి వెనక బిందెలు, కాగులు, ఒక ఉయ్యాల తొట్టి కూడా వచ్చాయి. లేదనడానికి నాకు నోరు రాలేదు. అందరూ అత్తలూ పిన్నులే. పైగా సుజాత చూస్తోంది. అయినా నా నమ్మకం నాది. అంత పెద్ద ట్యాంకు, కళ్లాపికి అయిపోతుందా?

అయిపోయింది.

పదింటికి స్టేషన్ పక్క బీడులో జనం నిండిపోయారు. మధ్యలో తాటాకుతో, పత్తి కట్టెతో ఒక గుడిసె కట్టారు. పెద్దాఫీసరు కొబ్బరికాయ కొట్టి, చేతి గడియారం చూసుకుని "అంటించండి" అన్నాడు. తాటాకు భగ్గుమంది. జనం ఈలలు వేశారు.

"వదలరా నీళ్లు!" అని మస్తాన్ గారు గొట్టం పట్టుకుని అరిచారు.

వాల్వు తిప్పాను. గొట్టం ఒకసారి దగ్గింది. రెండు చుక్కలు రాలాయి. ఆ రెండూ పెద్దాఫీసరు బూటు మీద పడ్డాయి.

"నీళ్లేవిరా?"

"ఉన్నాయి సార్."

"ఎక్కడరా?"

"మూడో వీధిలో సార్."

మస్తాన్ గారి మొహం అప్పుడు చూడాలి మీరు. ఇల్లు కాలుతుంటే బావి తవ్విన వాణ్ని చూసి లోకం నవ్వుతుంది గానీ, వాడు నయం. వాడి చేతిలో గునపమన్నా ఉంది. నా చేతిలో తడి ఆరిన గొట్టం తప్ప ఏమీ లేదు.

ఇంతలో గాలి తిరిగింది. కాలుతున్న తాటాకు ముక్క ఒకటి లేచి, బీడు అవతల కల్లంలో ఆరబోసిన మిరపకాయల అంచున పడింది. ఎవరి కల్లం అనుకున్నారు? కోటమ్మత్తదే! ఒకసారి కాలి బూడిదైన మనిషిని రెండోసారి కాల్చబోయేది ఈసారి నేను.

కోటమ్మత్త నన్ను తిట్టలేదు. తిట్టడానికి టైము వేస్టనుకుందేమో. కొంగు బిగించి ఒక్క కేక పెట్టింది.

"ఒసే రమణమ్మా! డ్రమ్ములు దొర్లించండే!"

అంతే, మూడో వీధి మూడో వీధంతా కదిలింది. డ్రమ్ములు రిక్షా బండ్లెక్కాయి. బిందెలు చేతులు మారాయి. తోటకు మందు కొట్టే పంపులు వీపుకు తగిలించుకుని నలుగురు రైతులు పరిగెత్తుకొచ్చి, పురుగును చంపినట్టు మంటను చంపారు. ఉయ్యాల తొట్టి నీళ్లు నేనే మోశాను. కల్లంలో మూడు బుట్టల కాయ మాడింది, మిగతాదంతా నిలిచింది. గుడిసె ఆరింది. ఆ మూడు బుట్టల ఘాటుకే పెద్దాఫీసరు కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి.

"ఈ నీళ్లు ఎక్కడివమ్మా?" అన్నాడు దగ్గుతూ.

"మీ బండియ్యేనండి" అంది కోటమ్మత్త. "పొద్దున మావోడు పోసిచ్చాడు. బండిలో ఉంటే ఏంది, మా ఇళ్లలో ఉంటే ఏంది? మంట మీదే గదా పోశాం! బండి తీసుకుపోతే మటుకు ఈసారి మీ ఆఫీసు ముందే కూర్చుంటా."

పెద్దాఫీసరు నవ్వబోయి దగ్గాడు, దగ్గబోయి నవ్వాడు.

"నీళ్లు లేని బండితోనే ఇంత పని చేసిన ఊరు, నీళ్లున్న బండితో ఇంకెంత చేస్తుందో! బండి ఇక్కడే ఉంటుందమ్మా. కానీ ఈ డ్రైవరు…" అని నా వైపు చూపించాడు. మళ్లీ దగ్గు వచ్చింది.

"వీణ్ని నేను చూసుకుంటాలే సార్" అన్నారు మస్తాన్ గారు.

చూసుకున్నారు కూడా. ఆ నెలంతా రోజూ పొద్దున్నే కావిడితో నీళ్లు మోసి, మూడో వీధిలో ఖాళీ అయిన డ్రమ్ములన్నీ నేనే నింపాలని శిక్ష వేశారు. మొదటి డ్రమ్ము కోటమ్మత్తది. అది నిండడానికి ఎందుకో మిగతా వాటికంటే ఎక్కువసేపు పట్టేది.

స్టేషన్ రిజిస్టరులో మొదటి పేజీ మస్తాన్ గారి చేతిరాతతో ఇప్పటికీ ఉంది. "మంట ఆర్పినది: మూడో వీధి ఆడవాళ్లు. వాడిన నీరు: మనదే." ఆ తర్వాతి పేజీల్లో ఎన్ని మంటలు ఆర్పామో! మా ఊళ్లో మళ్లీ ఏ కల్లమూ నిలువునా కాలిపోలేదు. ఈ ఒక్క మాట రాసేటప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు, ఛాతీ ఉబ్బుతుంది.

కనుక పాఠక మహాశయులారా, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రోజు నా తెలివికి అసలైన సాక్షి అదే కదా! ఈ జన్మలో మళ్లీ ఎవరి వాకిట్లోనూ కళ్లాపి చల్లను. ఈ నియమానికి మా సొంత వాకిలి కూడా మినహాయింపు కాదని ఇంట్లో స్పష్టంగా చెప్పేశాను.

మా ఆవిడ బకెట్ నా కాళ్ల దగ్గర పెట్టి, ముగ్గు గిన్నె తీసుకుంది.

"మా అమ్మ వాకిట్లో చల్లిన రోజున ఏమయ్యాయి ఈ నియమాలు?" అంది సుజాత.