పాట చెప్పే సాల్మన్ గారు

"...తెర మీద బొప్పాయికాయలంత అక్షరాలు కనపడుతుంటే, మళ్లీ మీరు చెప్పడం దేనికండి?"

"చెప్పుకోకపోతే నాకు గుర్తుండదండి," అన్నారు సాల్మన్ గారు.

ఈ జవాబు వింటే చర్చి కార్యదర్శి సత్యప్రసాద్‌కి ఒళ్లు మండేది. గాయకుల పెద్ద సాల్మన్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ పాటైనా ఒక్కో పాదం ముందు తాను గట్టిగా చెప్పాలి, ఆ తర్వాతే జనం పాడాలి. తాతలనాటి పద్ధతి. ఆత్రేయపురం చుట్టుపక్కల అన్ని చర్చిల్లోనూ పోయింది, ఆయన నోట్లో మాత్రం మిగిలింది.

హేమశ్రీ పెళ్లికి, పెళ్లికూతురు గుమ్మం నుంచి పాస్టరు అయ్యగారి ముందుకు నడిచొచ్చి నిలబడ్డా స్వాగత గీతం రెండో పాదం దాటలేదు. గణేష్‌బాబు కూతురి పుట్టినరోజున ఆయన చెప్పడం ముగిసేలోపు కొవ్వొత్తి కరిగి కేకులో కూలబడింది. జెండా పండగనాడు జాతీయగీతం కూడా చెప్పబోతే హెడ్మాస్టరు ఆయన నోరు మూయించాడు.

ఇప్పుడు కోత పండగకి బిషప్పు గారు వస్తున్నారు. తెర తెప్పించింది సత్యప్రసాదే. దాని ముందు ఈ ముసలాయన అరుస్తుంటే పరువేం కాను? అందుకే తేల్చేశాడు. ఈ ఆదివారం చెప్పకుండా పాడించాలి. నోరు ఆపుకోలేకపోతే పండగనాడు గాయకుల్లో ఆయనకి చోటు లేదు.

ఆదివారం సాల్మన్ గారు పెదవులు బిగించి కూర్చున్నారు. పండగ కోసం నేర్పుతున్న కొత్త పాట చకచకా సాగిపోయింది. మురిసిపోతూ వెనక్కి తిరిగిన సత్యప్రసాద్‌కి నాట్లేసే ఆడవాళ్లు చివరి చాపల మీద మూతి కదపకుండా కూర్చుని కనిపించారు. ముసలాయన ముఠా కట్టాడన్నమాట.

ఆరాధన కాగానే గుమ్మం దగ్గర వాళ్లలో వీరమ్మను పట్టుకున్నాడు.

"ఏంటి వీరమ్మా, పాడొద్దని సాల్మన్ గారు చెప్పారా?"

"ఆయన చెప్పకేగా బాబూ పాడలేదు," అందావిడ. "మాకు చదువెక్కడిదండి? పాపం ఆయనకి మతిమరుపని, పైకే చెప్పుకోండని మేమే అంటాం. ఆయన చెప్పుకుంటుంటే మాకూ వచ్చేస్తాయి. నాకు తెలిసిన దేవుడి వాక్యమంతా ఆ పాటలేనండి. నాట్లేస్తూ అయ్యే పాడుకుంటాం."

సత్యప్రసాద్ కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. చెట్టు కింద చెప్పులు వెతుక్కుంటున్న సాల్మన్ గారి మీదకి వెళ్లాడు. వాళ్లకి చదువు రాదని ఇన్నేళ్లూ తనతో ఒక్క ముక్క అంటే ఏం పోయేదని నిలదీశాడు.

"నలుగురిలో ఎలా అంటామండి?" అన్నారాయన గొంతు తగ్గించి. "నాకు మతిమరుపంటే నవ్వేసి ఊరుకుంటారు."

"మరి మీకు పాటలన్నీ వచ్చా?"

సాల్మన్ గారు అటూ ఇటూ చూసి, కొత్త పాటను చివరి పాదం నుంచి మొదటి పాదం దాకా వెనక్కి అప్పజెప్పారు.

సత్యప్రసాద్ విసవిసా లోపలికి నడిచి, ఆపేసిన మైకు మళ్లీ వేశాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతున్న వాళ్లంతా ఆగారు.

"పండగనాడు పాటలు సాల్మన్ గారు చెప్తారండి. భోజనాలు ఒంటిగంటకి కాదు, రెండింటికి."