విజిల్ వినబడని చెవులు

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కుక్కర్ స్టవ్ మీద పెట్టి, బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్లాను. "మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్యండి" అని మా ఆయనకు చెప్పే వెళ్లాను. పైన దండెం మీద చీర పరుస్తుంటే కుక్కర్ కూత నాకే వినిపించింది. మూడు అయ్యాయి. ఇంకోటి వచ్చింది, ఇంకోటి వచ్చింది. గబగబా దిగి వచ్చాను. వంటింటి గడప మీద కూర్చుని ఆయన ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. పక్కనే కుక్కర్ కూస్తూ ఉంది.

"కట్టెయ్యమన్నాను కదండీ."

"విజిల్స్ ఇంక షురూనే కాలే గదా" అన్నాడు.

నేను వేళాకోళం అనుకున్నాను. ఆయన ముఖం చూశాక కాదని తెలిసింది. నా చూపు కుక్కర్ మీద ఉండటం చూసి ఆయన కూడా అటు తిరిగాడు. పైకి చిమ్ముతున్న ఆవిరిని చూస్తూ ఉండిపోయాడు.

మా ఆయన పేరు సాల్మన్. రైలు పట్టాల మీద కాంట్రాక్టు కూలీ. పట్టాల కింద కంకర ఎత్తి జల్లించడం, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు పాడైతే మార్చడం, మిషన్‌తో పట్టా కోయడం, ఇవీ ఆయన పనులు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబమైనా నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే, ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచర్ని. పిల్లలు లేరు. బన్సీలాల్‌పేట్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు.

చదివేవాళ్లకు ఆ పని గురించి ఒక మాట చెప్పాలి. పట్టాల మీద మనుషులు పని చేస్తున్నారని బండ్లు ఆగిపోవు. చాలాసార్లు పనీ నడుస్తుంది, బండ్లూ నడుస్తాయి. ఒక మనిషి జెండా, విజిల్ పట్టుకుని దూరంగా నిలబడతాడు. బండి కనబడగానే విజిల్ ఊదుతాడు. అది వినగానే అందరూ పనిముట్లు తీసుకుని పట్టాల పక్కకు దిగిపోవాలి. కూలీలకు ఉన్న కాపలా అంతా ఆ విజిల్ ఒక్కటే.

బలవంతం మీద చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేసి ఆడియోగ్రామ్ తీశారు. శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యి ఎత్తాలి. నేను బయటి నుంచి చూస్తున్నాను. మొదట్లో చెయ్యి బాగానే లేచింది. తర్వాత లేవలేదు. లోపల ఆయన కళ్లు మూసుకుని, భుజాలు బిగపట్టి, ఇంకేదో వినబడుతుందని ఎదురుచూస్తున్నాడు.

"మామూలు మాటలు వినబడతాయమ్మా. హై ఫ్రీక్వెన్సీ లాస్ ఉంది. ఏళ్ల తరబడి మిషన్ల మోత దగ్గర ఉంటే ఇలా అవుతుంది. నర్వ్ డ్యామేజ్ ఇది" అన్నారు డాక్టర్.

"మందులు?"

"లేవు. పోయింది రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. సన్నటి కూతలు, పిట్టల అరుపులు, విజిల్స్ లాంటివి ఈయనకు ఇక అందవు." అప్పుడు ఆయన పనేమిటో అడిగారు. నేను చెప్పాను. రాస్తున్నవారు తలెత్తి చూశారు. "పట్టాల మీదికి మాత్రం పంపకండి" అన్నారు.

మరునాడు మా ఆయన పని చూసే సూపర్‌వైజర్‌కు దాచకుండా చెప్పాడు. రిపోర్టు కూడా చూపించాడు. స్టోరు యార్డులో సామాను దింపే పనికి మార్చమని అడిగాడు. అతను రిపోర్టు తిరగేసి చూసి, "ఇప్పుడు నేను మాట్లాడేది ఇనబడ్తుందా?" అన్నాడట.

"ఇనబడ్తుంది."

"మరింకేంది? యార్డుల జాగ లేదు. వస్తే రా, లేకుంటే ఇంట్ల కూసో."

నా జీతంతో ఇల్లు గడవదు. ఆయన వెళ్లాడు.

ఆయనతో పాటు పని చేసే నర్సింహ ఒక ఉపాయం చేశాడు. ఆయనకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. పనిలో ఎప్పుడూ పక్కనే ఉండేవాడు. విజిల్ వినబడగానే మా ఆయన భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడగానే ఈయన దిగిపోవాలి. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు నాతో అన్నాడు, "వదినా, నువ్వేం ఫికర్ చెయ్యకు. అన్న చెవులు నా దగ్గరున్నయ్." అందరం నవ్వాం. ఆ ఎండాకాలం, వానాకాలం అలాగే గడిచిపోయాయి. నేను కూడా ధైర్యం తెచ్చుకున్నాను.

ఒకరోజు నర్సింహ కూతురికి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. ఆ పొద్దున అతను పనికి రాలేదు. మా ఆయన పక్కన కొత్తగా చేరిన ఒక కూలీ ఉన్నాడు. అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. పక్క లైన్ మీద గూడ్సు బండి పోతోంది. ఆ మోతలో ఈ లైన్ మీదికి పెట్టెలు లేని ఒంటి ఇంజను వచ్చింది. విజిల్ ఊదారు, అందరూ దిగారు. మా ఆయన వంగి స్లీపర్ కింద కంకర తోస్తున్నాడు. ఎవరో అరిచారట. అరుపు విని తల అయితే ఎత్తాడు కానీ గూడ్సు బండి వైపు చూశాడు. ఇంజను హారన్ కూడా ఆ బండిదే అనుకున్నానని తర్వాత చెప్పాడు. ఆఖరి క్షణంలో చూసి పక్కకు పడ్డాడు. ఎడమకాలు పట్టా మీదే ఉండిపోయింది.

నేను పెద్దాసుపత్రికి వెళ్లేసరికి కాలికి గుడ్డలు చుట్టి స్ట్రెచర్ మీద ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు. "చెప్పు దొరికిందా?" అని నన్ను అడిగాడు. ఎడమకాలి చెప్పు.

మోకాలి కింద తీసేశారు. "బిలో నీ అయితే అదృష్టమే అమ్మా. మోకాలు మిగిలింది. ఆర్టిఫీషియల్ లింబ్‌తో బాగా నడుస్తాడు" అన్నారు సర్జన్. నేను ఆ మాట పట్టుకుని బతికాను. మోకాలు ఉంది, మోకాలు ఉంది అని ప్రార్థనలో కూడా అదే చెప్పుకున్నాను.

ఆసుపత్రిలో నాకు కొత్తగా తెలిసింది ఏమిటంటే, దెబ్బ తర్వాత ఆయన చెవులు ఇంకా తగ్గాయి. ఫ్యాన్ల చప్పుడు, మంచాల చప్పుడు, మనుషుల గోల మధ్య ఆయనకు ఎవరి మాటా అర్థమయ్యేది కాదు. అర్థం కానప్పుడు నవ్వి తల ఊపేవాడు. సిస్టర్లు ఆయన్ని చాలా మంచి పేషెంట్ అనేవారు.

డ్రెస్సింగ్ విప్పినప్పుడు కుట్ల అంచు నల్లబడి ఉంది. వాసన వచ్చింది. చచ్చిన కండ కోసి తీసే డీబ్రైడ్‌మెంట్ అన్నారు, చేశారు. జ్వరం తగ్గలేదు. ఆ తర్వాత రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ మంచం దగ్గర నిలబడి మా ఆయనతోనే నెమ్మదిగా, దయగా చెప్పారు. "ఇన్ఫెక్షన్ పైకి పాకుతోంది సాల్మన్. ఎబవ్ నీ చేయాలి. మోకాలు ఉంచితే ప్రాణానికే ప్రమాదం."

మా ఆయన నవ్వి తల ఊపాడు. "థాంక్యూ సార్" అన్నాడు.

డాక్టర్ నా వైపు చూశారు. "ఈయనకు వినబడలేదు సార్" అన్నాను. "అయితే మీరు చెప్పండమ్మా" అని తర్వాతి మంచానికి వెళ్లారు.

చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయనకు అందలేదు. "ఏంది?" అన్నాడు, ఇంకా ఆ నవ్వు పోలేదు. గొంతు పెంచాను. "ఏంది, జెర గట్టిగ చెప్పు." ఆఖరికి నేను అరవాల్సి వచ్చింది. మోకాలి పైన మళ్లీ కోస్తారట అని, వార్డు మొత్తానికి వినబడేలా అరిచాను. అటు పక్క మంచాల మీద వాళ్లు లేచి కూర్చున్నారు. ఎవరికో పాలు పడుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మా ఆయన ముఖం నుంచి నవ్వు కొంచెం కొంచెంగా పోవడం నేను చూశాను. వేరే ఏ బాధా నన్ను అంతగా కుంగదీయలేదు.

మోకాలి పైకి కూడా తీసేశారు. ఆ తర్వాత లేని కాలు నొప్పి మొదలైంది. ఫాంటమ్ పెయిన్ అన్నారు. లేని పాదంలో వేళ్లు మెలి తిప్పుతున్నట్టు ఉంటుందట. నొప్పికి గాబాపెంటిన్ మాత్రలు ఇచ్చారు. "బ్రెయిన్‌కు ఇంకా కాలు పోయినట్టు తెలియదమ్మా, టైం పడుతుంది" అన్నారు. ఆ నొప్పి మనిషిని మార్చేసింది. అన్నం పళ్లెం విసిరేవాడు. నేను అరిచి మాట్లాడితే, "కుక్క లెక్క మొరుగకు" అనేవాడు. నెమ్మదిగా మాట్లాడితే, "నా ఎనక ఏం గొణుగుతున్నవ్" అనేవాడు. ఏ గొంతుతో మాట్లాడాలో నాకు తెలిసేది కాదు.

నర్సింహ చూడ్డానికి వచ్చాడు. కూతురికి నయమైందని, ఇంటికి తీసుకొచ్చామని మొదట నాకు చెప్పాడు. తర్వాత మంచం దగ్గరికి వెళ్లి, అలవాటుగా మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మా ఆయన ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"నీ బిడ్డ బతికింది గదా. సంతోషం" అన్నాడు. "నా దిక్కు రాకు ఇగ."

నర్సింహ బత్తాయిల కవరు మంచం కింద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. పట్టాల పని కూడా మానేశాడని విన్నాను.

కాంట్రాక్టరు మనుషుల దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. రిపోర్టు చూపించి యార్డులో పని అడిగిన సంగతి గుర్తుచేశాను. సూపర్‌వైజర్ కోపంగా కూడా మాట్లాడలేదు. "విజిల్ కొట్టినమమ్మా. అందరు దిగిర్రు. నీ పెనిమిటి ఒక్కడే దిగలే. మేమేం చేస్తం?" అన్నాడు. అందులో ప్రతి మాటా నిజమే. లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగాను. వచ్చిన కొద్దిపాటి సాయం మందులకే అయిపోయింది.

ఇంటికి వచ్చాక డ్రెస్సింగ్‌కు తిప్పడం ఇంకో కష్టం. ఉద్యమం రోజులవి. బంద్ అంటే బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఒక బంద్ రోజు కోయగా మిగిలిన స్టంప్ నుంచి చీము కారుతుంటే వాయిదా వేయలేక, పక్కింటి వాళ్ల తోపుడు బండి అడిగి, దాని మీద దుప్పటి పరిచి ఆయన్ని కూర్చోబెట్టి తోసుకుంటూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆయన తల మీద టవల్ కప్పుకునే ఉన్నాడు.

పుండు మానింది. కట్టుడు కాలు కూడా ఇచ్చారు. "మోకాలు ఉన్నట్టయితే ఈ పాటికి నడిచేవారు. ఎబవ్ నీ కష్టం" అన్నాడు ఫిజియోథెరపీ అబ్బాయి. చాలాసార్లు పడ్డాడు. స్టంప్ ఒరుసుకుని మళ్లీ పుండు పడింది. ఆ కాలు ఇప్పుడు మంచం కింద ఉంది. చంకకర్రలతోనే నడుస్తాడు.

చెవి మిషన్ మాత్రం పని చేసింది. మా చర్చి వాళ్లు పెట్టించిన క్యాంపులో ఇచ్చారు. పెట్టుకున్న రోజు ఇంటికి వచ్చి, "కాఫీ పెట్టనా?" అని నేను అడిగాను. ఆయన ఉలిక్కిపడి చెవి మూసుకున్నాడు.

"ఎందుకట్ల ఒర్రుతున్నవ్?" అన్నాడు.

అప్పటికి నేను మామూలుగా మాట్లాడటమే మరిచిపోయాను. బడిలో పిల్లలు కూడా నన్ను చూసి భయపడేవారు. ఇప్పుడు గొంతు తగ్గించుకోవడం నేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

ఇప్పుడు మేము బోయిన్‌పల్లిలో ఉంటున్నాం. ఆయన మార్కెట్‌లో ఒక ఉల్లిగడ్డల వ్యాపారి దగ్గర కూర్చుని చిరిగిన గోనె సంచులు కుడతాడు. కాలు నొప్పి తగ్గింది కానీ పోలేదు. పళ్లేలు విసరడు. కిందటి నెల కూరగాయల లారీ మీద నర్సింహ కనిపించాడట. మూటలు దింపుతున్నాడు. "పలకరించారా?" అని అడిగాను. "వాడు చూసిండు. నేను సుత చూసిన" అన్నాడు. అంతే. మళ్లీ సంచి కుట్టుకున్నాడు.

పట్టాల మీద, మిషన్ల దగ్గర పని చేసేవాళ్ల ఇళ్లలో వాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. మీ మనిషి మాటలు బాగానే వింటున్నాడు కదా అని ఊరుకోకండి. మాటలు వినబడుతూనే విజిల్ వినబడకుండా పోతుంది. ఏడాదికొకసారి ఆడియోగ్రామ్ తీయించండి. అందులో తేడా ఉందని డాక్టర్ చెబితే, పని పోయినా సరే, ఆ మనిషిని మరుసటి రోజు నుంచే పట్టాల మీదికి పంపకండి.