గద్దలకు వేయొద్దన్న ప్లానింగ్ సారు

మా ప్లానింగ్ సారు తెనాలిలో పోయారని మా అబ్బాయి సెల్‌ఫోన్‌కి కబురు వచ్చింది. నా నోట మొదట వచ్చిన మాట చెబితే మీరు తిడతారు. "అయ్యో, ఇంక నేనెవరితో పోట్లాడాలి!" అన్నాను.

బాపట్ల దగ్గర మిలటరీ విమానాలు దిగే మైదానం చుట్టూ ఎక్కడ ఎంత ఎత్తు కట్టుకోవచ్చో, ఏ వ్యాపారం పెట్టుకోవచ్చో చూడడం ఆయన ఉద్యోగం. అబ్బబ్బ, ఎంత విసిగించారండీ! చంకలో మ్యాపు, చేతిలో గొడుగు. మైదానం కంచె పక్కనున్న మా స్థలంలో అబ్బాయికి మాంసం కొట్టు పెట్టించాలని నా ఆశ. చదువు అబ్బలేదు, కొట్టు పడితేనే వాడికి బతుకు. మూడుసార్లు అర్జీ పెడితే మూడుసార్లూ తిప్పికొట్టారు.

"మాంసం ఉన్నచోటికి గద్దలొస్తాయి సాయిబు గారూ. గద్ద ఇంజన్లో పడితే లోపలున్న పైలట్ ఏమవుతాడండీ?" ఎప్పుడడిగినా ఇదే పాట.

నాలుగోసారి, స్థలం చూడ్డానికి తానే వస్తానన్నారు. అనుమతి వచ్చేసినట్టేనని నాకు పట్టరాని సంతోషం! మంచి జరిగితే మా ఇళ్లలో సదకా అని దానం తీస్తాం. అబ్బాయి తల చుట్టూ తిప్పిన మాంసం ముక్కల్ని డాబా ఎక్కి గద్దలకు విసరడం మా అమ్మనాటి అలవాటు. నేను విసురుతున్నాను, గద్దలు నెత్తిమీద గిరికీలు కొడుతున్నాయి, సరిగ్గా అప్పుడే కింద ఆ గొడుగు కనిపించింది.

"ఏంటండీ ఇది సాయిబు గారూ?"

"మీరు అనుమతి ఇస్తున్నారని దానం సార్!"

ఆయన నవ్వలేదు. మెట్లెక్కి వచ్చి, "దానం గద్దకే చెయ్యాలా? కుక్క తింటే అల్లా కాదంటాడా?" అన్నారు. ఇంతలో ఓ విమానం దిగింది. అది గద్దల్ని దాటేదాకా నా భుజం పట్టుకునే ఉన్నారు.

నాలుగో అర్జీ కూడా పోయింది. నెల్లాళ్లు నేను ఆయన మొహం చూడలేదు. ఆ నెల్లాళ్లూ ఆయన మా అబ్బాయిని స్కూటరు ఎక్కించుకుని చోటు కోసం తిరిగారట! విమానాల దారికి దూరంగా, కర్లపాలెం బజార్లో చూసిపెట్టారు. కొట్టు తెరిచిన రోజు నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. సారు మాంసం ముట్టరు. బయటే నిలబడి సోడా తాగి, "ఇక్కడ ఎన్ని గద్దలైనా రానివ్వండి" అన్నారు.

కబురు తెలిసిన రోజు కొట్టుకెళ్లి, ఆయన పేరు చెప్పి మంచి ముక్కలు కోయించాను. కొట్టు వెనక్కి వెళ్తే అలవాటుకొద్దీ చెయ్యి పైకి లేచింది. అక్కడ అడ్డు చెప్పేవాళ్లు లేరు. రానివ్వమని ఆయనే అన్నారు కూడా. అయినా చెయ్యి దించేశాను. గోడ పక్కనున్న నల్లకుక్క ముందు వంగి పెట్టాను. అది తింటోంది. పైన ఒక్క గద్ద కూడా లేదు. దూరంగా ఓ విమానం నిదానంగా బాపట్ల వైపు దిగుతోంది.